మల్లిమాను పూసేదాకా

మా చిన్నత్తకి కంట్లో శుక్లం తీశారు. పూటపూటా చుక్కల మందు వెయ్యాలి, కంటికి పొగ తగలకూడదు. కొండ మీద ఇంట్లో పొయ్యి ఆరే వేళంటూ ఉండదు కాబట్టి కొన్నాళ్లు నీ దగ్గర ఉంచుకో అక్కా అని మా తమ్ముడు ఆమెను ఆటోలో తెచ్చి అరకులో నా ఇంటి ముందు దింపి, టీ అయినా తాగకుండా వెళ్లిపోయాడు. అంత తొందరగా ఎందుకు జారుకున్నాడో నాకు సాయంత్రానికల్లా అర్థమైంది. ఇన్నాళ్లూ మసకమసకగా ఉన్న లోకం ఒక్కసారిగా తేటపడేసరికి అత్త నా ఇంట్లో ప్రతి మూలకీ వంక పెట్టడం మొదలుపెట్టింది. ఫ్యాను రెక్కల మీద దుమ్ము, గిన్నె అడుగున మాడు, గోడ మీద బల్లి, నా నెత్తి మీద తెల్లవెంట్రుకలు, అన్నీ ఆమె కంట పడ్డాయి. "ఇంత సదువుకున్నావు, ఇల్లు ఇలగెట్టుకున్నావేటే కోడలా" అని లేచిన దగ్గర్నుంచీ ఒకటే సాధింపు. ఉద్యోగం చేసినన్నాళ్లూ బడిపిల్లల్ని కేకలేసి బతికినదాన్ని, రిటైరయ్యాక నా ఇంట్లో నేనే గోడకుర్చీ వేసినట్టు నిలబడి చీవాట్లు తిన్నాను.

ఇల్లయ్యాక పెరటి మీద పడింది. ప్రహరీ పక్కన నేను పెంచుతున్న మొక్క దగ్గర ఆగి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. ఆ మొక్క సంగతి కాస్త చెప్పాలి. నర్సరీవాళ్లు దానికి మల్టీవిటమిన్ మొక్క అని చీటీ కట్టి అమ్ముతారు. కొమ్మకి రెండు వైపులా వరుసగా కోలగా చిన్న చిన్న ఆకులు, కొన్ని ఆకుల మధ్యలో పాలు ఒలికినట్టు తెల్లటి మచ్చ ఉంటుంది. నోట్లో వేసుకుంటే పచ్చి వేరుశనగ రుచి. కొమ్మ విరిచి గుచ్చితే చాలు బతుకుతుంది, అందుకే దాన్ని అందరూ సులువైన మొక్క అంటారు. అలా అన్నవాళ్లెవరూ దాన్ని పెంచి ఉండరు. ఎండ ఎక్కువైతే ఆకు గిడసబారుతుంది, నీడ ఎక్కువైతే కాడ సాగుతుంది. నీళ్లు కావాలి, కానీ మొదట్లో నిలవకూడదు. చలికాలం మంచుకి ఆకు పండి రాలిపోతుంది. చిగుళ్లకి పిండినల్లి పడుతుంది. అన్నిటికంటే పెద్ద బెడద, తలలు తుంపుతూ ఉండకపోతే పక్కకొమ్మలు వెయ్యదు. పైకి, ఇంకా పైకి సాగి, కొసన మాత్రం నాలుగాకులు పెట్టుకుని, ఆ బరువుకే నేల మీదికి వాలిపోతుంది. మోకాళ్ల నొప్పులతో నేను ఆ యేడు దాని జోలికి పోలేదు. అది కూడా నా మీద కసి తీర్చుకున్నట్టు గోడ దాటి వీధిలోకి వంగింది.

"ఇదేటే, మల్లిమానుని ఇలగ చోడిదంటులాగ నిలబెట్టీసినావు?" అంది అత్త. మా ఇంట్లో ఆ మొక్క పేరు మల్లిమాను. ఎందుకలా అంటారో తరవాత చెబుతాను.

"తలలు తుంపాలి అత్తా, తెలుసు. వంగలేక ఒగ్గేశాను."

"మనింటి కాడ మానుకి ఎప్పుడైనా ఇలగయినాదేటి? నడుమెత్తు దాటి పెరిగినాదా? మా యమ్మ దాని తల పెరగనిచ్చిందేటి అసలు. పొద్దు లెగిస్తే తుంపడమే."

నా చేతిలో చీపురు అలాగే ఆగిపోయింది. వాళ్లమ్మ అంటే మా మామ్మ, మా నాన్నని కన్న తల్లి. "మామ్మ తుంపేదా? మామ్మ దాన్ని ఎవ్వర్నీ ముట్టనివ్వలేదు కదా అత్తా! నన్ను కాపలా పెట్టింది కదా!"

అత్త నాలుక కరుచుకుంది. మరుక్షణమే కన్ను మూసుకుని, "మంట పుడతన్నాది, బేగి సుక్కలెయ్యి" అని లోపలికి నడిచింది. చుక్కలు వెయ్యాల్సిన వేళ కాదది. ఆమె కంటికేమీ మంట లేదు, నోరు జారిందంతే. కానీ ఆ ఒక్క మాటతో నా బాల్యంలో ఒక సంవత్సరం మొత్తం తలకిందులైంది. ఆ సంవత్సరమంతా నేను మామ్మ మీద పళ్లు నూరుకుంటూ గడిపాను. ఆ తరవాత పెద్దయ్యాక కూడా ఆ కోపాన్ని నేను పోనివ్వలేదు.

ఆ యేడే మా తమ్ముడు పుట్టాడు. వాడు బాగానే పుట్టాడు, గుండ్రాయిలాగ ఉన్నాడు. అమ్మే లేవలేకపోయింది. పెదవులు తెల్లగా పాలిపోయాయి, గోడ పట్టుకుని నడిచేది, ఊట దగ్గరికి వెళ్లి కడవ ఎత్తబోయి అక్కడే కూలబడిపోయింది. అమ్మ పడుకునే మూల ఆముదం, పసుపు, వెల్లుల్లి వాసనలు కలగలిసి ఉండేవి. ఇప్పటికీ ఎక్కడైనా ఆ మూడు వాసనలూ కలిసి తగిలితే నేను అక్కణ్నుంచి లేచి వెళ్లిపోతాను. ఊట దగ్గర ఆడవాళ్లు నేను వింటున్నానని చూసుకోకుండా, "ఈ వానలు దాటదు" అనుకున్నారు. ఎవరు దాటరో, ఏం దాటరో నాకెవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. పగలల్లా అమ్మ పక్కనే తిరిగి, నిద్రపోతున్నప్పుడు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని.

వానల ముందు మైదానం నుంచి కొత్తగా వచ్చిన నర్సమ్మ మా ఇంటికి ఎక్కొచ్చింది. లావుపాటి మనిషి, కొండ ఎక్కి వచ్చేసరికి ఆవిడే రోగిలా ఉండేది. అమ్మ కంటి రెప్ప కిందికి లాగి చూసి, బిళ్లలిచ్చి, సంచిలోంచి తడి గోనెలో చుట్టిన రెండు కొమ్మలు తీసింది. "ఇది మల్టీవిటమిన్ మొక్కమ్మా. మా పెరట్లోది. ఇంటి వెనకాల గుచ్చుకోండి. ఈమెకి రోజూ గుప్పెడాకు వండి పెట్టండి, రక్తం పడుతుంది" అని మామ్మకి చెప్పింది.

"మల్లి... ఏటీ?" అంది మామ్మ.

"మల్టీ విటమిన్."

"మల్లీటమాను." మామ్మ ఆ మాటని నోట్లో అటూ ఇటూ తిప్పి చూసింది. "మల్లిమాను. సర్లే, ఎడతాం." అప్పటి నుంచి అది మల్లిమాను అయింది. నర్సమ్మ నవ్వి ఊరుకుంది. ఆ రోజే ఆవిడ గట్టిగా దిద్ది ఉంటే మాకు ఇంత గొడవ ఉండేది కాదు.

మామ్మ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. చిన్న మనిషి, కట్టెపుల్లలాంటి చేతులు. అడ్డపొగ తాగేది, అంటే చుట్ట వెలిగించి మండే కొసని నోట్లో పెట్టుకునేది. నిప్పు నోట్లో ఉండగా మాట్లాడటం కుదరదు కదా, అందుకని తనకి ఇష్టం లేని సంగతి ఏదైనా ఎత్తితే చాలు, చుట్ట నోట్లోకి వెళ్లిపోయేది. అమ్మకీ ఆమెకీ పడేది కాదు. అంబలి పల్చనైందని ఒకరోజు, చిక్కనైందని ఇంకోరోజు, పొయ్యిలో తడి కట్టె పెట్టావని ఒకరోజు, ఏదో ఒక రభస. అమ్మ మంచం పట్టాక కూడా మామ్మ గొణుగుడు ఆగలేదు. పొయ్యి ముందు కూర్చుని, "పనికి తెచ్చుకున్న కోడలు పడుకున్నాది, పండుకోవలసిన ముసల్దాన్ని నాను సాకిరీ సేత్తన్నాను" అని ఇల్లంతా వినబడేట్టు అనేది.

కొమ్మలు రెండూ ఇంటి వెనక, గిన్నెలు కడిగిన నీళ్లు పారే చోట గుచ్చాం. నాటిన మర్నాటి నుంచే అది ఎప్పుడు ఆకేస్తుందా, అమ్మ ఎప్పుడు తింటుందా అని నా ఆరాటం. పొద్దున్నా సాయంత్రం నీళ్లు పోసి పోసి ఒక కొమ్మని కుళ్లబెట్టాను. "దానికేటి నీకున్నంత దాహమా?" అని మామ్మ నా వీపు మీద ఒకటిచ్చి, మిగిలిన కొమ్మ మొదట్లో మట్టి ఎగదోసి, పొయ్యి బూడిద చల్లి, నీళ్లు పక్కకి పోయేట్టు చిన్న కాలవ తీసింది. వానలకి కొమ్మ పచ్చబడింది. ఆకులు జంటగా విప్పుకుంటూ వచ్చాయి. కోయొచ్చు అనుకున్నంతలో మా పెదతాత వచ్చి కూర్చున్నాడు.

పెదతాత అంటే మా తాత అన్న, ఊరి పూజారి. మా కొండల్లో ఏ పంటయినా ముందు అమ్మోరికి పెట్టి, ఊరంతా కలిసి కొత్త చెయ్యాలి. మామిడి కొత్త, చిక్కుడు కొత్త, కొర్ర కొత్త. కొత్త కాకుండా కాయ తెంపి నోట్లో పెట్టుకున్నవాళ్లు తప్పు కట్టాలి. చిన్నపిల్లలమైనా సరే, చెట్టు నిండా కాయలు వేలాడుతున్నా సరే, గుటకలు మింగుతూ తిరిగేవాళ్లం. అడవి ఆకుకూరలకి మాత్రం ఆ పట్టింపు లేదు. అందుకని ఈ ఆకుకీ ఉండదని నేను ధీమాగా ఉన్నాను.

పెదతాత మొక్క చుట్టూ తిరిగి చూసి, "అడివిలో ఆకులు మన తాతలకంటే ముందు నుంచీ ఈ కొండ మీదున్నాయి. వాటికి కొత్తక్కర్నేదు. ఇదలగ కాదు. ఇది బస్సెక్కి వచ్చినాది" అన్నాడు. "దీన్ని అమ్మోరికి సూపించకుండా తింతే ఎలగ?"

"మరెప్పుడు సేత్తారు కొత్త?" అంది మామ్మ.

అక్కడ వచ్చింది చిక్కు. మామిడికైతే కాయని చూసి చేస్తారు, కొర్రకైతే కంకిని చూసి. ఏడాది పొడుగునా ఆకే ఉండే మొక్కకి ఎప్పుడని చేస్తారు? ఊరి పెద్దలు నలుగురు మా అరుగు మీద కూర్చుని ఆలోచించారు. చివరికి పెదతాతకి తట్టింది. "దాని పేరేటి? మల్లిమాను. మరి ఏటి పూత్తాది? మల్లి. మల్లిపువ్వు పూసిన నాడు కొత్త." అందరూ ఇంత సులువైన సంగతి తోచలేదే అన్నట్టు తలలూపారు. ఇప్పుడు తలుచుకున్నా నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది. నర్సమ్మ ఇంగ్లీషు ముక్కని మామ్మ తప్పుగా పలికింది. ఆ తప్పులోంచి ఒక పువ్వు పుట్టింది. ఆ లేని పువ్వు కోసం ఊరంతా ఎదురు చూడటం మొదలుపెట్టింది. లోపల మా అమ్మ గోడ పట్టుకుని నడుస్తోంది.

పూజారి ఇంటి మనుషులం కాబట్టి మా మీద అందరి కన్నూ ఉంటుంది. ఆ మాట అని మామ్మ నన్ను పిలిచి, చేతికో కర్రిచ్చి, పెరట్లో బండ మీద కూర్చోబెట్టింది. "మేకలూ కోళ్లే కాదు, మనుషులు కూడా దీని ఆకు ముట్టకూడదు. ఎవులైనా అడిగితే ఉన్నదున్నట్టు సెప్పు." నేను చెడ్డ కాపలాదార్ని కాను. అమ్మ బతకాలంటే కొత్త సరిగ్గా జరగాలని, కొత్త సరిగ్గా జరగాలంటే ఒక్క ఆకు కూడా పోకూడదని నా బుర్రకి తోచింది. మేకల్ని తరిమాను, కోళ్లని తరిమాను. అప్పటికి పెళ్లి కాని మా చిన్నత్త ఒకరోజు ఆకు గిల్లి వాసన చూస్తే నేరుగా పెదతాత దగ్గరికి పరుగెత్తి చెప్పేశాను. ఆమెను నలుగురిలో నిలబెట్టి చీవాట్లు పెట్టారు. ఆ సంగతి అత్త ఇప్పటికీ మరిచిపోలేదు. ఈ నెలంతా నా ఇంటికి వంకలు పెట్టడంలో ఆ పాత బాకీ కూడా కొంత ఉందని నా అనుమానం.

నర్సమ్మ మళ్లీ వచ్చినప్పుడు, "ఆకు తింటున్నావామ్మా?" అని అడిగింది. అమ్మ మామ్మ వైపు చూసింది. మామ్మ నోట్లోకి చుట్ట వెళ్లిపోయింది. నేనే ముందుకొచ్చి, "ఎవ్వరూ ముట్టలేదు నర్సమ్మా! నేనే కాపలా!" అని ఛాతీ విరుచుకుని చెప్పాను. ఆవిడ నెత్తి కొట్టుకుని, మందుబిళ్లలు ఇంకొన్ని ఇచ్చి, కొండ దిగిపోయింది. ఆవిడ వెళ్లాక, నేను ఏదో తప్పు చెప్పానా అని అమ్మని అడిగాను. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది.

చలి మొదలైంది. నువ్వుల్లాంటి నల్ల గింజలిచ్చే వలిసె చేలు పసుపుపచ్చగా పూశాయి, కోతలయ్యాయి, ఇళ్లల్లో వలిసెలు వేయించే వాసన. మల్లిమాను మాత్రం పొదలా గుబురుగా ఉంది కానీ పువ్వు లేదు. ఒక పొద్దున బండ మీద పడుకుని కింద నుంచి చూస్తే, ఆకుల అడుగున సన్నటి కాడలకి ఎర్రటి బొత్తాల్లాంటివి వేలాడుతున్నాయి. అంత చిన్నవి కాబట్టి ఎవరికీ కనబడలేదు. లేచి ఒక్క పరుగున మామ్మ దగ్గరికి వెళ్లి పూసింది పూసింది అని అరిచాను. మామ్మ వచ్చి వంగి చూసింది. పెదతాతా వచ్చి చూశాడు. "మల్లి తెల్లగా పూత్తాది కదేటే. ఇయ్యేవో ఎర్రగున్నాయి. తెల్లబడనీ, సూద్దాం" అన్నాడు. నేను ఏడ్చాను, కాళ్లు నేలకేసి కొట్టాను. "పువ్వే తాతా, ఇదే దీని పువ్వు!" అన్నాను. గుంటలు, అంటే చిన్నపిల్లలు, పెద్దల మాటకి అడ్డు రాకూడదన్నారు. ఎవరి దగ్గరికి వెళ్లినా అదే మాట. అప్పుడు నా కోపమంతా మామ్మ మీదికే పోయింది. సొంత కోడలు చచ్చిపోతున్నా పట్టని మనిషి అనుకున్నాను. ఆమె పక్కన పడుకోవడం మానేశాను. ఆమె తల దువ్వుతానంటే జుట్టు చిక్కులతోనే తిరిగాను.

పెద్దయ్యాక చదువుకుని, ఆ మొక్క పేరూ తీరూ తెలుసుకుని, పిల్లలకి పాఠం చెప్పే రోజుల్లో కూడా ఈ కథ చెప్పి నవ్వించేదాన్ని. లోపల మాత్రం నవ్వొచ్చేది కాదు. ఇప్పుడైతే అంతా తిరగబడింది. మా తమ్ముడి కోడలు వీధి చివర కొట్లో ఏ నెలలో పడితే ఆ నెలలో చిక్కుడుకాయలు కొనుక్కొచ్చి వండుతుంది. మైదానం నుంచి వ్యాన్లో వచ్చిన కాయలకి కొత్తేమిటట. కొత్త ఎప్పుడో ఫోన్లో గ్రూపులో పెడతారు, పెద్ద పెద్ద స్పీకర్లు తెచ్చి ఊరంతా అదరగొడతారు. టూరిస్టులు వచ్చి వీడియోలు తీసుకుంటారు. మొన్న ఎవరో బలవంతపెడితే రిసార్టులో భోజనానికి వెళ్లాను. ట్రైబల్ థాలీ అని పళ్లెంలో మూలకి ఇంత మల్లిమాను వేపుడు పెట్టారు, మీ పూర్వీకుల ఆకు అని నాకే చెప్పారు. పూర్వీకులది కాదు నాయనా, బస్సెక్కి వచ్చిందని చెబుదామనుకుని, ఓపిక లేక తినేసి వచ్చాను. నాకు ఆ పాత కట్టుబాట్లూ నచ్చవు, ఈ కొత్త అల్లరీ నచ్చదు. అప్పుడు ఆకు ముందు పెట్టుకుని మనిషిని మాడ్చారు. ఇప్పుడు దేన్ని తింటున్నామో, ఎందుకు తింటున్నామో చూసుకునే తీరిక ఎవరికీ లేదు.

అత్త నోరు జారిన రోజు నేను ఆమెను వదల్లేదు. అన్నం పెట్టి ఎదురుగా కూర్చున్నాను. "చెప్పు. మామ్మ ఎప్పుడు తుంపింది, ఎందుకు తుంపింది?"

"నాకేటి తెలుసు" అంది.

"అత్తా, చుక్కలు వేసేది నేనే. గుర్తు పెట్టుకో."

అత్త ముద్ద కలుపుతూ కలుపుతూ ఆపి, "సెప్పనని మా యమ్మకి మాటిచ్చీసినాను. అమ్మా పోయినాది, వొదినా పోయినాది. నాను పోతే ఇంకెవులు సెప్తారు నీకు" అంది. తరవాత చెప్పింది.

పెదతాత తీర్పు చెప్పిన మర్నాటి నుంచే మామ్మ తెల్లారగట్ల లేచేదట. చలికి నేను గొంగళిలో ముడుచుకుని ఉండే వేళ. బూడిద పారబోసే వంకతో పెరట్లోకి వెళ్లి, ఒకచోట బోసిపోకుండా ప్రతి కొమ్మ కొసా కొంచెం కొంచెం తుంపి ఒడిలో వేసుకునేదట. తుంపే ముందు ఊరి గుడి వైపు తిరిగి, "తల్లీ, కాసేపు అటు సూడు" అనేదట. పొయ్యి మీద ఆకు వేయించి, వలిసెలతో కలిపి దంచేదట. వలిసెల పొడి నల్లగా ఉంటుంది, అందులో ఏ ఆకు కలిసినా కనబడదు. అది అంబలిలో కలిపి అమ్మకి పెట్టేది. ఆ పొడి నాకు బాగా గుర్తే. నాకూ కావాలని ఏడిస్తే, బాలింత మందు, గుంటలు తింతే కడుపునొప్పి వస్తుందని చెప్పేవాళ్లు.

"నర్సమ్మ బిళ్లలు కూడా మా యమ్మే తనెదురుగా మింగించేది" అంది అత్త. "ఆకు మంచి సేసినాదో, బిళ్లలు మంచి సేసినాయో, ఎవులికి తెలుసు. మీయమ్మ లెగిసింది, అంతే."

నాకు కోపం నషాళానికి అంటింది. "మరి నన్నెందుకు కాపలా పెట్టింది? తనే దొంగతనం చేస్తూ?"

"నిన్నెట్టబట్టే కదా సాగినాది" అంది అత్త చాలా మామూలుగా. "ఊరోళ్లు మా ఇంటిని నమ్ముతారా? పూజారి ఇంటోళ్లు తినీసినారంతారు. నువ్వయితే నమ్ముతారు. ఎవులడిగినా కళ్లలోకి సూసి, ఎవ్వరూ ముట్టలేదని ఎంత గట్టిగా సెప్పేదానివో. నీకు సెప్తే నువ్వు అబద్దమాడలేవు. నీ మొహం సూసి ఊరంతా పట్టీద్దురు."

"అమ్మకి తెలుసా?"

"తినేది మీయమ్మే కదేటే, తెలీదా?"

నేనొక్కదాన్నే అన్నమాట ఆ ఇంట్లో తెలియనిది. ఇన్నేళ్లూ నేను పిల్లలకి చెప్పి నవ్వించిన కథలో వెర్రిదాన్ని నేనే. "మరి కొత్త రోజున అమ్మ ఎందుకేడ్చింది?" అని అడిగాను.

ఎర్ర బొత్తాలు రాలి, వాటి చోట ముత్యాల్లాంటి తెల్లటి కాయలు వేలాడాక, పెదతాత వాటినే మల్లెపూలని ఒప్పుకున్నాడు. వాసన లేదేమని ఒకరడిగితే, సలికి కొండ మీద మల్లికి వాసనుండదని మామ్మే సర్దిచెప్పింది. ఊరంతా మా పెరట్లో చేరింది. కొత్త కుండలో కందిపప్పుతో ఆకు ఉడికించి, అమ్మోరికి పెట్టి, పెదతాత తిన్నాక, ఎవరి కోసం ఆ ఆకు కొండెక్కిందో ఆమెకే పెట్టాలని అడ్డాకులో అమ్మ ముందు పెట్టారు. అమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది. తల వంచుకుంది. పెదవులు వణికాయి, భుజాలు వణికాయి, కళ్ల నిండా నీళ్లు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చుట్టూ ఆడవాళ్లు అయ్యో అన్నారు. నేను ఆమె మెడ పట్టుకుని గుక్క పెట్టి ఏడ్చాను. ఇన్నాళ్లూ తిననివ్వలేదు, ఇప్పుడు మింగే ఓపిక కూడా లేదు అని ఏడ్చాను. నా జ్ఞాపకాలన్నిటిలోకీ నేను భద్రంగా దాచుకున్నది అది.

"ఏడుపా?" అంది అత్త. "ఓలమ్మ, అది నవ్వే! మా యమ్మ ఏటీ తెలీనట్టు మొహమెట్టి, ఊరందరి ముందూ, రుసెలగుంది కోడలా అని అడిగినాది కదా. వొదిన కొంగడ్డమెట్టుకుని, కొత్తగుంది అత్తా అన్నాది. ఇంక సూడు, ఇద్దరికీ ఆగదు. అమ్మ గబగబా సుట్ట నోట్లో ఎట్టీసుకున్నాది. నాను ఇంటెనక్కి పారిపోయి నవ్వినాను. నువ్వొక్కదానివే ఏడిసినావు."

చెప్పి, ఆ నవ్వు ఇప్పుడే వచ్చినట్టు నవ్వింది. నవ్వితే కంటి మీద ఒత్తిడి పడుతుంది, డాక్టరు వద్దన్నాడు. నేను ఆపలేదు. రోజూ అంబలి దగ్గర కీచులాడుకునే ఆ అత్తాకోడళ్లు నా కళ్లెదుటే అంత సంబరపడ్డారని నాకు ఇప్పటిదాకా తెలీదు. మామ్మ మంచిదని తెలిసినందుకు సంతోషించాలి, సంతోషంగానే ఉంది. కానీ ఇద్దరిలో ఒక్కరైనా, నేను పెద్దదాన్నయ్యాక, ఉద్యోగంలో చేరాక, పోనీ మామ్మ పోయిన రోజున అమ్మ అంత గుండెలు బాదుకుని ఏడుస్తుంటే నేను వింతగా చూస్తూ నిలబడ్డానే, అప్పుడైనా నా చెవిలో ఒక్క ముక్క వేసి ఉంటే ఏం పోయేది? నేనూ నవ్వేదాన్ని కదా వాళ్లతో.